స్టూడెంట్ వీసాకు ఫండ్స్ చూపించడం: ఒక్కో దేశానిది ఒక్కో లెక్క

స్టూడెంట్ వీసా ఫైల్లో పాస్‌పోర్టు, అడ్మిషన్ లెటర్, మార్కుల మెమోలు అంతగా ఇబ్బంది పెట్టవు. ఉంటే ఉంటాయి, లేకపోతే తెప్పించుకుంటాం. చిక్కంతా డబ్బు కాగితాల దగ్గరే. ఖాతాలో కావాల్సినదానికి రెట్టింపు ఉన్నా వీసా పోగొట్టుకునేవాళ్లు ఉంటారు. పూర్తిగా లోన్ మీదే వెళ్తూ ఏ ఇబ్బందీ లేకుండా తెచ్చుకునేవాళ్లూ ఉంటారు. ఈ తేడా డబ్బు ఎంతుందన్నదాంట్లో లేదు. ఎదుటి దేశం దేన్ని నమ్ముతుందో తెలుసుకుని దానికి తగ్గట్టు కాగితం పెట్టామా లేదా అన్నదాంట్లో ఉంది.

అన్ని దేశాలూ అడిగేది నిజానికి ఒకే ప్రశ్న: మొదటి ఏడాది ఫీజు, తిండి, అద్దె ఎవరి జేబులోంచి వస్తాయి? జవాబును నమ్మే పద్ధతి మాత్రం ఎవరిది వాళ్లది. బ్రిటన్ తేదీలు లెక్కపెడుతుంది. జర్మనీ డబ్బుకు తాళం వేసి మరీ చూపించమంటుంది. కెనడా ఆ డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో ఆరా తీస్తుంది. అమెరికాలో కాగితాలకన్నా ముందు మీ నోటిమాట వింటారు. ఒక దేశం కోసం తయారుచేసిన ఫైలునే ఇంకో దేశానికీ పెట్టేయడం చాలా రిఫ్యూజల్స్‌కు మూలం. కింద ఇచ్చిన అంకెలు 2025 చివరినాటివి. ఇవి దాదాపు ఏటా మారుతున్నాయి కాబట్టి అప్లికేషన్ పెట్టే వారంలో ఆయా ప్రభుత్వాల సైట్లో మరోసారి సరిచూసుకోండి.

బ్రిటన్: 28 రోజుల లెక్క

బ్రిటన్ నియమాలు చదవడానికి సులువు, పాటించడానికి కఠినం. మొదటి ఏడాది ఫీజులో మీరు ఇంకా కట్టాల్సింది, దానికి తోడు నెలకు ఇంత చొప్పున గరిష్ఠంగా 9 నెలల జీవన ఖర్చు చూపించాలి. 2025 నవంబరు 11 నుంచి నెల ఖర్చు లండన్‌లో 1,529 పౌండ్లు, బయట 1,171 పౌండ్లు. అంటే 9 నెలలకు లండన్‌లో 13,761, బయట 10,539.

లండన్ బయటి యూనివర్సిటీలో ఫీజు 18,000 పౌండ్లు, అందులో 4,000 ముందే కట్టేశారనుకుందాం. మిగిలింది 14,000. దానికి 10,539 కలిపితే 24,539. మీ ఖాతాలో ఇంత మొత్తం వరుసగా 28 రోజులు ఉండాలి. ఒక్క రోజు కూడా ఒక్క పౌండు తగ్గకూడదు. ఆ 28 రోజుల గడువు ముగిసిన తేదీకీ, మీరు అప్లై చేసిన తేదీకీ మధ్య 31 రోజులు మించకూడదు. అప్లై చేసిన తేదీ అంటే ఫారం నింపడం మొదలుపెట్టిన రోజు కాదు, ఆన్‌లైన్‌లో వీసా ఫీజు కట్టిన రోజు.

దెబ్బ తగిలేది ఇలా. మార్చి 1న డబ్బు పడింది. 28 రోజులు మార్చి 28తో పూర్తి కావాలి. కానీ 17వ తేదీన ఇన్సూరెన్స్ ప్రీమియం ఆటో డెబిట్ అయి బ్యాలెన్సు 24,500కు దిగింది. మర్నాడే చూసుకుని తిరిగి వేశారు. సగటు బ్యాలెన్సు బాగానే ఉందిగా అనుకుంటాం, కానీ సగటుతో ఇక్కడ పనిలేదు. లెక్క 18వ తేదీ నుంచి మళ్లీ ఒకటి అవుతుంది, ఏప్రిల్ 14కు గానీ పూర్తికాదు. ఇది గమనించకుండా ఏప్రిల్ మొదటి వారంలో వీసా ఫీజు కట్టేస్తే, లక్షణంగా ఉన్న అప్లికేషన్ కాస్తా రిఫ్యూజ్ అవుతుంది. అందుకే ఫండ్స్ ఉంచే ఖాతాను రోజువారీ వాడకం నుంచి వేరుచేయాలి. యూపీఐ, ఆటో డెబిట్లు, కార్డు బిల్లులు దాని దరిదాపుల్లో ఉండకూడదు.

రెండో ప్రమాదం మారకపు రేటు. డబ్బు వేరే కరెన్సీలో ఉంటే అప్లై చేసిన రోజున ఒవాండా అనే మారకపు రేట్ల వెబ్‌సైట్లో ఉన్న రేటు ప్రకారం పౌండ్లలోకి మారుస్తారు. మీరు మార్చి 1న సరిగ్గా సరిపోయేలా వేసిన మొత్తం, ఏప్రిల్లో పౌండు పెరిగితే చాలకుండా పోతుంది. కనీసం 5 శాతం అదనంగా ఉంచడం మంచిది. బ్యాంకు కౌంటర్లో చెప్పే రేటుతో లెక్కవేసుకుని ధీమాగా ఉండొద్దు.

మూడోది, డబ్బు ఎవరి పేరున ఉందన్నది. ఖాతా మీ పేరున గానీ, తల్లిదండ్రులు లేదా చట్టబద్ధ సంరక్షకుల పేరున గానీ ఉండాలి. పెళ్లయితే జీవిత భాగస్వామి ఖాతా కొన్ని షరతుల మీద మాత్రమే పనికొస్తుంది. అన్నయ్య, బాబాయి, తాతయ్య ఖాతాల్లో ఎంతున్నా లెక్కలోకి రాదు. తల్లిదండ్రుల ఖాతా చూపిస్తే బర్త్ సర్టిఫికెట్, ఆ డబ్బు వాడుకోవడానికి వాళ్లు ఒప్పుకుంటూ రాసిన సంతకం చేసిన లెటరు రెండూ జతచేయాలి. బర్త్ సర్టిఫికెట్‌లో నాన్న పేరు ఒకలా, బ్యాంకు స్టేట్‌మెంట్లో ఇంకోలా ఉండటం తరచూ కనిపించే చిక్కు. దీన్ని ముందే సరిచేయించుకోవాలి. అఫిడవిట్‌తో అన్నిసార్లూ గండం గడవదు.

ఎడ్యుకేషన్ లోన్‌కు ఈ 28 రోజుల బాధ లేదు. చాలామందికి ఇదే సులువైన దారి. అయితే శాంక్షన్ లెటర్ అప్లై చేసే తేదీకి ఆరు నెలల్లోపుది కావాలి. గుర్తింపు ఉన్న ఆర్థిక సంస్థ ఇచ్చి ఉండాలి. లోన్ విద్యార్థి చదువుకోసమేనని, ఎంత మొత్తమో, ఎప్పుడు అందుతుందో స్పష్టంగా రాసి ఉండాలి. బ్యాంకులు తమ మామూలు ఫార్మాట్లో ఇచ్చే లెటర్లో ‘తదుపరి పరిశీలనకు లోబడి’ లాంటి వాక్యం ఉంటుంది. ఆ వాక్యం ఉంటే లోన్ ఇంకా ఖరారు కాలేదన్నట్టే చదువుకుంటారు. వీసా వస్తే ఇస్తామన్న షరతు ఒక్కటే ఉండొచ్చు, ఇంకేదీ ఉండకూడదు. లెటర్ చేతికందిన రోజే కూర్చుని ఒక్కో వాక్యం చదివి, అవసరమైతే మళ్లీ రాయించుకోండి.

జర్మనీ: తాళం వేసిన ఖాతా

జర్మనీ ఈ గొడవంతా ఒక్క దెబ్బతో తేల్చేసింది. ఏడాదికి 11,904 యూరోలు బ్లాక్డ్ అకౌంట్లో వేయాలి. జర్మన్లో దీన్ని స్పెర్‌కాంటో అంటారు. అక్కడికి వెళ్లి మామూలు ఖాతా తెరిచాక నెలకు 992 యూరోల చొప్పున వదులుతారు. ఇది 2024 సెప్టెంబరు నుంచి ఉన్న మొత్తం. అంతకుముందు 11,208 ఉండేది. డబ్బు ఎన్నాళ్లుగా ఉంది, సగటెంత లాంటి ప్రశ్నలు ఇక్కడ రావు. ఖాతాలో పడింది, బయటికి తీయడానికి లేదు, అంతే. స్కాలర్‌షిప్ గానీ, జర్మనీలో ఉంటున్నవాళ్లు అక్కడి అధికారుల ముందు రాసిచ్చే హామీ పత్రం గానీ ఉంటే ఈ ఖాతా అక్కర్లేదు. ఆ హామీ రాసిచ్చేవాళ్లు మీ ఖర్చులకు చట్టప్రకారం బాధ్యులవుతారు. మొహమాటానికి రాయించుకునే కాగితం కాదది.

ఇక్కడ జరిగే పొరపాట్లు చిన్నవే, కానీ వారాలు తినేస్తాయి. సరిగ్గా 11,904 పంపుతారు, మధ్యలో ఉన్న బ్యాంకులు తమ ఛార్జీలు కోసుకుంటాయి, ఖాతాలోకి ఇరవయ్యో ముప్ఫయ్యో యూరోలు తక్కువగా చేరతాయి. ఆ కొరత తీరేదాకా ధ్రువీకరణ పత్రం రాదు. డబ్బు పంపేటప్పుడు ఛార్జీలన్నీ పంపేవారే భరించే పద్ధతి ఎంచుకుని, ఖాతా నడిపే సంస్థ ఫీజులు కూడా కలిపి కాస్త ఎక్కువే పంపాలి. రెఫరెన్స్ నంబరు రాయడం మరిస్తే ఆ డబ్బు ఎవరిదో తేలడానికి ఇంకొన్ని రోజులు.

వీసాతో సంబంధం లేకపోయినా చెప్పుకోవాల్సిన మాట ఒకటుంది. జర్మనీలో ఇంటి యజమాని మూడు నెలల అద్దె వరకు డిపాజిట్ అడగొచ్చు. చట్టం దానికి ఒప్పుకుంటుంది. మొదటి నెల మీ చేతికొచ్చే 992 యూరోల్లో అద్దె, డిపాజిట్ రెండూ ఇమడవు. బ్లాక్డ్ అకౌంట్ వీసాకు సరిపోతుంది గానీ దిగిన మొదటి నెలకు సరిపోదు. దానికి వేరే డబ్బు పెట్టుకోవాల్సిందే.

కెనడా: డబ్బు ఎలా వచ్చిందో చెప్పాలి

కెనడాలో ఒంటరిగా వెళ్లే విద్యార్థి చూపించాల్సిన జీవన ఖర్చు చాలా ఏళ్లపాటు 10,000 కెనడా డాలర్ల దగ్గరే ఆగిపోయింది. 2024 జనవరి 1న దాన్ని 20,635కు, 2025 సెప్టెంబరు 1న 22,895కు పెంచారు. ఫీజు, ప్రయాణ ఖర్చు దీనికి అదనం. క్యూబెక్ లెక్క వేరు, ఆ రాష్ట్ర అనుమతి కూడా వేరుగా తీసుకోవాలి.

2024 నవంబరు 8 వరకు ఎస్‌డీఎస్ (స్టూడెంట్ డైరెక్ట్ స్ట్రీమ్) అనే వేగవంతమైన మార్గం ఉండేది. డబ్బు విషయంలో జీఐసీ అనే డిపాజిట్ వేసి, మొదటి ఏడాది ఫీజు కట్టేస్తే సరిపోయేది. ఆ మార్గం మూసేశారు. దాంతో జీఐసీ పనికిరాదనే ప్రచారం మొదలైంది, అది నిజం కాదు. జీఐసీ అంటే కెనడా బ్యాంకులో వేసే డిపాజిట్. వెళ్లాక కొంత చేతికిస్తారు, మిగతాది వాయిదాల్లో వస్తుంది. ఇప్పటికీ అది ఆమోదించే రుజువుల్లో ఒకటి. కాకపోతే ఒకప్పుడు అదొక్కటే సగం పని చేసిపెట్టేది, ఇప్పుడు మిగతా కాగితాలు కూడా గట్టిగా ఉండాలి.

సొంత ఖాతా చూపిస్తే నాలుగు నెలల స్టేట్‌మెంట్లు అడుగుతారు. ఆ నాలుగు నెలల్లో బ్యాలెన్సు అంకెకన్నా డబ్బు కదలిక ముఖ్యం. నెలకు ఓ మోస్తరు జీతం వచ్చే ఖాతాలో అప్లై చేయడానికి రెండు వారాల ముందు పెద్ద మొత్తం ఊడిపడితే, ఆఫీసరుకు తట్టే మొదటి అనుమానం అది అప్పు తెచ్చి చూపిస్తున్న డబ్బేమోనని. నిజంగా మీ డబ్బే అయితే దాని వెనకున్న కాగితం పెట్టాలి: స్థలం అమ్మితే రిజిస్ట్రేషన్ డాక్యుమెంటు, ఫిక్స్‌డ్ డిపాజిట్ తీస్తే దాని క్లోజర్ రసీదు, పీఎఫ్ తీస్తే ఆ స్టేట్‌మెంటు. స్టేట్‌మెంటులో ఆ ఎంట్రీ పక్కన నంబరు వేసి, అదే నంబరు సంబంధిత కాగితం మీదా వేసి, కవర్ లెటర్లో ఒక్క వాక్యంలో చెబితే చాలు. అప్లికేషన్ అంతా స్కాన్ చేసిన ఫైళ్లే కాబట్టి, ఆఫీసరు వెతుక్కోవాల్సిన పని ఎంత తగ్గిస్తే మీకంత మంచిది. రిఫ్యూజల్ లెటర్లో ‘మీ ఆర్థిక పరిస్థితి ప్రయాణ ఉద్దేశానికి సరిపోయేట్టు లేదు’ అని వచ్చిందంటే, చాలాసార్లు దానర్థం డబ్బు తక్కువైందని కాదు. వచ్చిన దారి కనిపించలేదని.

అమెరికా: ఐ-20 మీద ఉన్నది, మీ నోట వచ్చేది

అమెరికాలో ఇన్ని రోజులుండాలి, ఇంత ఉండాలి అన్న ఒకే అంకె లేదు. మీ అంకె మీ ఐ-20 మీద, అంటే అడ్మిషన్ ఇచ్చాక యూనివర్సిటీ పంపే పత్రం మీద ఉంటుంది. మొదటి పేజీలో డబ్బు వివరాలున్న చోట ఒకవైపు యూనివర్సిటీ అంచనా వేసిన ఖర్చులు, మరోవైపు వాటికి నిధులు ఎక్కడి నుంచి వస్తాయో ఉంటుంది: సొంత డబ్బు ఎంత, యూనివర్సిటీ ఇచ్చేది ఎంత, ఇతరుల నుంచి ఎంత. ఐ-20 కోసం మీరు పంపిన బ్యాంకు కాగితాల నుంచే ఈ అంకెలు వచ్చాయి. చాలామంది అక్కడితో దాన్ని మరిచిపోతారు. ఐ-20 తీసుకునేటప్పుడు నాన్న సేవింగ్స్ చూపించి, ఇంటర్వ్యూకు మామయ్య స్పాన్సర్ అంటూ కొత్త కాగితాలు పట్టుకెళ్తే మీ ఫైలే మీకు అడ్డం తిరుగుతుంది. స్పాన్సర్ మారితే యూనివర్సిటీకి చెప్పి ఐ-20 మార్పించుకోవాలి, వీసా కోసం ఆన్‌లైన్‌లో నింపే డీఎస్-160 ఫారంలో కూడా అదే రాయాలి.

వీసా ఆఫీసర్లకు ఉన్న మార్గదర్శకాలు ఈ విషయంలో స్పష్టంగా ఉన్నాయి. చదువు మొత్తానికి కావాల్సిన డబ్బు ఇప్పుడే చేతిలో ఉండనక్కర్లేదు. మొదటి ఏడాదికి వెంటనే అందుబాటులో ఉండే డబ్బు చూపించాలి, మిగతా ఏళ్లకు నమ్మదగిన ఆధారం ఉండాలి. అందుకే రెండేళ్ల కోర్సుకు మొదటి ఏడాది డబ్బు మాత్రమే చూపించి, ‘రెండో ఏడాది క్యాంపస్‌లో పార్ట్‌టైమ్ చేసుకుంటా’ అంటే జవాబు అక్కడే తెగిపోతుంది. సెమిస్టర్ నడిచే రోజుల్లో క్యాంపస్ పని వారానికి 20 గంటలు దాటకూడదు, ఆ సంపాదన ట్యూషన్ ఫీజుకు చాలదని ఆఫీసరుకు తెలుసు. అసిస్టెంట్‌షిప్ ఖరారై ఐ-20 మీద కనిపిస్తే మాత్రం అది గట్టి ఆధారమే.

ఇంటర్వ్యూ కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. ఆఫీసరు ముందు స్క్రీన్ మీద మీ డీఎస్-160 ఉంటుంది. మీ చేతిలో ఉన్న లావుపాటి ఫైలు అడగకపోవచ్చు కూడా. కాబట్టి డబ్బు సంగతి రెండు మూడు వాక్యాల్లో చెప్పగలగాలి. ‘మా పేరెంట్స్ సపోర్ట్ చేస్తారు’ అన్నది జవాబు కాదు. ‘మొదటి ఏడాది 42,000 డాలర్లు అవుతుంది. 30,000 లోన్ శాంక్షన్ అయింది, మిగతాది అమ్మానాన్నల సేవింగ్స్. ఇద్దరూ ఉద్యోగస్తులే, రెండో ఏడాదికి లోన్‌లోనే ఇంకో విడత ఉంది’ అన్నది జవాబు. అంకెలు మీవి కావాలి, బట్టీ పట్టినవి కాకూడదు. నాన్న జీతమెంత అంటే తడుముకునేవాళ్లను చూస్తే, ఆ ఫైలు వేరెవరో తయారుచేశారని ఇట్టే తెలిసిపోతుంది.

విదేశీ విద్యార్థుల రికార్డులు ఉంచే సెవిస్ వ్యవస్థకు కట్టే ఫీజు 350 డాలర్లు, వీసా అప్లికేషన్ ఫీజు 185 డాలర్లు. రిఫ్యూజ్ అయితే 185 మళ్లీ కట్టాలి. సెవిస్ ఫీజు మాత్రం 12 నెలల్లోపు అదే రకం వీసాకు మళ్లీ అప్లై చేస్తే తిరిగి కట్టనక్కర్లేదు. 2025 జూలైలో వచ్చిన చట్టంలో మరో 250 డాలర్ల వీసా ఇంటెగ్రిటీ ఫీజు కూడా పెట్టారు. స్లాట్ బుక్ చేసే ముందు ఫీజుల పేజీ ఒకసారి చూడండి.

ఆస్ట్రేలియా గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. 2024 మే 10 నుంచి 12 నెలల జీవన ఖర్చు 29,710 ఆస్ట్రేలియా డాలర్లు, దీనికి ఫీజు, ప్రయాణం అదనం. తల్లిదండ్రుల వార్షికాదాయం 87,856 డాలర్లు దాటితే దాన్నే రుజువుగా చూపే వీలుంది. మీ దేశం, మీ కాలేజీ కలిపి చూసి ఏ కాగితాలు కావాలో ప్రభుత్వ సైట్లోని చెక్‌లిస్ట్ చెబుతుంది. అందులో ఫండ్స్ అడగలేదు కదా అని డబ్బు లేకుండా అప్లై చేయకండి, తర్వాత అడిగే హక్కు వాళ్లకుంది. 2025 జూలై 1 నుంచి వీసా ఫీజే 2,000 డాలర్లు. రిఫ్యూజ్ అయితే అది తిరిగి రాదు.

ఎక్కడైనా ఎదురయ్యే చిక్కులు

ఆస్తికీ నగదుకీ తేడా ఉంది. పొలం, ఇల్లు, బంగారం విలువ చూపిస్తూ ఆడిటర్ ఇచ్చే నెట్‌వర్త్ సర్టిఫికెట్‌కు చాలామంది పెద్దపీట వేస్తారు. బ్రిటన్ దాన్ని అసలు లెక్కే వేయదు. షేర్లను కూడా పక్కన పెట్టేస్తుంది, ఎందుకంటే అవి వెంటనే చేతికొచ్చే డబ్బు కాదు. అమెరికా, కెనడాల్లో కుటుంబ స్థితి చెప్పడానికి అది పనికొస్తుంది గానీ ఫీజు కట్టేది దానితో కాదు. నగదు, లోన్ ముందు పెట్టండి, ఆస్తి కాగితాలు వెనక పెట్టండి.

అప్పు తెచ్చి కొన్ని రోజులు ఖాతాలో ఉంచి తీసేయడం, దానికి వడ్డీ కట్టడం అన్నిచోట్లా నడిచే వ్యవహారమే. ఖాతా స్టేట్‌మెంట్ అసలుదే కాబట్టి తప్పేముందని అనుకుంటారు. వీసా ఫారంలో ‘ఈ డబ్బు నా చదువుకు అందుబాటులో ఉంది’ అని మీరు ప్రకటిస్తారు, అది అబద్ధమవుతుంది. కల్పించిన స్టేట్‌మెంట్లయితే ఇంకా దారుణం. ఆఫీసులు నేరుగా బ్యాంకుకు మెయిల్ పెట్టి, ఫోన్ చేసి సరిచూస్తాయి. దొరికితే కెనడా 5 ఏళ్లు, బ్రిటన్ 10 ఏళ్లు తలుపు మూసేస్తాయి. ఆస్ట్రేలియాలో సాధారణంగా 3 ఏళ్లు. అమెరికాలోనైతే అది జీవితాంతం వెంటాడుతుంది, ప్రత్యేక మినహాయింపు వస్తే తప్ప. కన్సల్టెంటు పెట్టాడు, నాకు తెలియదు అన్న మాట ఎక్కడా చెల్లదు. అప్లికేషన్ మీ పేరునే ఉంటుంది. అందుకే ఎవరు నింపినా సబ్మిట్ చేసే ముందు పీడీఎఫ్ మొత్తం మీరే చదవాలి.

రిఫ్యూజ్ అయితే ఏం చేయాలన్నదీ దేశాన్నిబట్టే ఉంటుంది. బ్రిటన్‌లో ఆఫీసరు లెక్క తప్పారనుకుంటే 28 రోజుల్లోపు అడ్మినిస్ట్రేటివ్ రివ్యూ అడగొచ్చు. మీ లెక్క తప్పయితే మాత్రం దానివల్ల లాభం లేదు, 28 రోజులు మళ్లీ పూర్తిచేసి కొత్తగా అప్లై చేయడమే. కెనడాలో 60 రోజుల్లోపు ఫెడరల్ కోర్టుకు వెళ్లే వీలుంది. జర్మనీలో ఇంతకుముందు రాతపూర్వకంగా పునఃపరిశీలన అడిగే పద్ధతి ఉండేది. 2025 జూలై 1 నుంచి తీసేశారు, మిగిలింది బెర్లిన్ కోర్టు, లేదా కొత్త అప్లికేషన్. అమెరికాలో అప్పీలు లేదు. 214(బి) కింద, అంటే వీసాకు అర్హత రుజువు కాలేదని తిప్పి పంపితే ఎప్పుడైనా మళ్లీ వెళ్లొచ్చు. కానీ అదే ఫైలు, అవే జవాబులతో వారం తిరక్కుండా వెళ్తే ఫలితం మారే అవకాశం తక్కువ. లోన్ కొత్తగా శాంక్షన్ కావడమో, యూనివర్సిటీ నుంచి ఫండింగ్ రావడమో, ఏదో ఒకటి నిజంగా మారి ఉండాలి. 221(జి) వేరే సంగతి. అది కాగితం తక్కువైందనో, పరిశీలన మిగిలి ఉందనో చెప్పేది. అడిగింది ఇచ్చి ఆగాలి, కొత్తగా ఫీజు కట్టక్కర్లేదు.

పాస్‌పోర్టు మీద స్టాంపు పడ్డాక కూడా ఆ డబ్బును కదపకండి. విమానం దిగాక ఇమిగ్రేషన్ ఆఫీసరు కూడా ఖర్చులెవరు భరిస్తారని అడగొచ్చు. లోన్ శాంక్షన్ లెటరు, తాజా స్టేట్‌మెంటు ప్రింట్లు చెక్-ఇన్ బ్యాగులో కాకుండా చేతి సంచిలో ఉండాలి. లోన్‌తో వెళ్లేవాళ్లు మొదటి విడత ఎప్పుడు విడుదలవుతుందో, యూనివర్సిటీ ఫీజు గడువు ఎప్పుడో రెండు తేదీలూ పక్కపక్కన రాసుకుని చూడాలి. బ్యాంకులు సాధారణంగా యూనివర్సిటీ ఇన్‌వాయిస్ చేతికొచ్చాకే డబ్బు పంపుతాయి, అక్కడి నుంచి అది చేరడానికి మరికొన్ని పనిదినాలు పడుతుంది. ఫీజు గడువుకు కనీసం మూడు వారాల ముందు ఇన్‌వాయిస్ బ్యాంకు చేతిలో ఉండేలా చూసుకోండి.